శిక్షణ పొందిన వేటకుక్క – షరీఅత్ ఆదేశాలు

రాయచోటి ప్రాంతానికి చెందిన ఓ యువకుడు సెలవు మీద ఊరికి వచ్చి, జుమా నమాజు తర్వాత మమ్మల్ని కలిశాడు. అతను కువైట్‌లో పని చేస్తున్నాడు. తోటపని అని చెప్పి తీసుకెళ్ళారు. వెళ్ళాక ఎడారిలోని జాఖూర్‌లో (పశువుల కొట్టంలో) కుక్కల సంరక్షణ అప్పగించారు. రెండు సలూకీలు, కాల్చిన పక్షులను ఏరుకొచ్చే ఒక రిట్రీవర్, కొత్తగా తెచ్చిన ఒక పిల్ల. వాటికి తిండి, నీళ్ళు, స్నానం, ఉదయం సాయంత్రం పరుగు, పిల్లకు తర్ఫీదు అన్నీ అతనివే. నాలుగేళ్ళుగా ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. ఈ మధ్యే తల్లికి తెలిసిపోయింది. కొడుకు పంపిన డబ్బుతో చేయించుకున్న గాజులు తీసి బీరువాలో పెట్టేసిందట. “కుక్కల కూలి హలాల్ ఎలా అవుతుంది? అక్కడ నువ్వు చేసిన నమాజులు ఏమైనట్టు?” అని అడుగుతోందట.

“మౌలానా! నాలుగేళ్ళ నమాజులు తిరిగి చేయాలా? ఈ పని మానెయ్యాలా?” అన్నాడు. వీసాకు చేసిన అప్పు ఇంకా తీరలేదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇలాంటి ప్రశ్నకు నిలబడి ఒక్క మాటలో జవాబు చెప్పి పంపించడం మాకు సబబు అనిపించలేదు. కుక్క అనగానే మన ఇళ్ళలో రెండే మాటలు వినిపిస్తాయి: అది అపవిత్రం, అది ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారు. ఈ రెండు మాటలూ నిరాధారమైనవి కావు. అయితే ఇవే మొత్తం ధర్మం కూడా కావు. వేటకుక్క విషయంలో మన షరీఅత్ చెప్పినంత వివరంగా బహుశా మరే ధర్మశాస్త్రమూ చెప్పి ఉండదు. ఫిఖ్ గ్రంథాల్లో ‘కితాబుస్సైద్’ (వేట ప్రకరణం) అనే ప్రత్యేక అధ్యాయమే ఉంది. మనలో ఎందరం దాన్ని తెరిచి చూశాం?

ఖుర్ఆన్‌లో ప్రస్తావన

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా నాలుగవ ఆయత్‌ను చూడండి. తమకు ఏవేవి ధర్మసమ్మతమని ప్రజలు దైవప్రవక్త (స)ను అడిగిన సందర్భమది. పరిశుద్ధమైన వస్తువులన్నీ ధర్మసమ్మతమని చెప్పిన వెంటనే, శిక్షణ ఇచ్చిన వేట జంతువుల ప్రస్తావన వస్తుంది. అవి మీ కోసం పట్టి ఉంచినది తినండి, దానిపై అల్లాహ్ పేరు ఉచ్చరించండి అన్నది అందులోని ఆదేశ సారాంశం. ఆ శిక్షకులకు అక్కడ వాడిన పదం ‘ముకల్లిబీన్’. ఇది ‘కల్బ్’ (కుక్క) అనే పదం నుంచి పుట్టింది. అంటే కుక్కలకు వేట నేర్పేవారు అని అర్థం. డేగలు మొదలైన వేటపక్షులకు శిక్షణ ఇచ్చేవారు కూడా ఇందులోకే వస్తారని వ్యాఖ్యాతలు రాశారు.

ఆ ఆయత్‌లో మరో సూక్ష్మం ఉంది. మీరు వాటికి నేర్పేది అల్లాహ్ మీకు నేర్పిన దానిలో నుంచే అన్న భావం అక్కడ వస్తుంది. శిక్షకుని విద్య అతని సొంత సొత్తు కాదన్నమాట. హాఫిజ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) దీని నుంచే ఒక చక్కటి విషయం గ్రహించారు. శిక్షణ లేని కుక్క చంపినది హరామ్, శిక్షణ పొందిన కుక్క పట్టినది హలాల్. రెండూ కుక్కలే, పళ్ళూ అవే. మధ్య తేడా విద్య ఒక్కటే. విద్య కుక్కకు కూడా గౌరవం తెచ్చిపెట్టిందంటే, విద్యకు ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

హాతిం తాయీ కుమారుని ప్రశ్న

దానశీలతకు మారుపేరైన హాతిం తాయీ గురించి మన తాతల కాలం నుంచీ కథలు వింటూనే ఉన్నాం. ఆయన కుమారుడు హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) తొలుత క్రైస్తవుడు, తయ్ తెగ నాయకుడు. తర్వాత ఇస్లాం స్వీకరించారు. ఆయనది కుక్కలతో వేటాడే సమాజం. అందుకే దైవప్రవక్త (స) సన్నిధిలో ఆయన అడిగిన ప్రశ్నలు కాలక్షేపం ప్రశ్నలు కావు, రేపటి భోజనానికి సంబంధించినవి. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఆ సంభాషణ నమోదయింది.

దైవప్రవక్త (స) ఇచ్చిన జవాబు సారాంశం ఇది. శిక్షణ పొందిన కుక్కను అల్లాహ్ పేరుతో వదిలితే, అది నీ కోసం పట్టినది తినవచ్చు, అది చంపేసినా సరే. కానీ కుక్క అందులోంచి తానే తింటే నువ్వు తినవద్దు. ఎందుకంటే అది తన కోసమే పట్టుకుని ఉండవచ్చు. నీ కుక్కతో మరో కుక్క కలిస్తే కూడా తినవద్దు. నువ్వు అల్లాహ్ పేరు చెప్పింది నీ కుక్క మీద, ఆ రెండోదాని మీద కాదు.

హజ్రత్ అబూ సఅలబా ఖుషనీ (రజి) కూడా ఇలాంటి ప్రశ్నే వేశారు. శిక్షణ లేని కుక్క పట్టినదైతే, అది ప్రాణంతో దొరికి మనం జిబహ్ చేయగలిగితేనే తినాలని ఆయనకు జవాబు లభించింది.

ఏ కుక్క శిక్షణ పొందినట్టు?

ధర్మవేత్తలు దీనికి గుర్తులు చెప్పారు. పంపితే వెళ్ళాలి. అదిలిస్తే ఆగాలి. పట్టినదాన్ని తినకుండా యజమాని కోసం ఉంచాలి. చివరి షరతు మీదే ఎక్కువ చర్చ జరిగింది. వరుసగా మూడుసార్లు తినకుండా ఉంటే శిక్షణ పూర్తయినట్టని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ), ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మాత్రం సంఖ్య నిర్ణయించకుండా, ఆ విద్య తెలిసినవారి నిర్ణయానికే వదిలారు. మాకు ఈ మాట ఎంతో నచ్చుతుంది. అంత గొప్ప ఇమామ్, కుక్కల సంగతి కుక్కలు పెంచేవారికే బాగా తెలుస్తుందని పక్కకు తప్పుకున్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) వర్గం తినకపోవడాన్ని షరతుగా పెట్టలేదు. వారికీ హదీసు ఆధారముంది. డేగ విషయంలో హనఫీ పండితులు కూడా తినకపోవడాన్ని షరతు చేయలేదు. పిలిస్తే తిరిగి రావడమే దాని శిక్షణకు గుర్తు. పక్షిని కొట్టి తిండి మాన్పించలేం కదా!

హనఫీ గ్రంథం ‘హిదాయా’లో ఇంకా చిత్రమైన వివరాలున్నాయి. కుక్క వేట రక్తం తాగి మాంసం ముట్టకపోతే ఆ వేట తినవచ్చు. ఎన్నోసార్లు తినకుండా తెచ్చిన కుక్క ఒకనాడు తింటే, అది మళ్ళీ మొదటి పాఠానికి వచ్చినట్టే. తిరిగి నేర్చుకునే దాకా దాని వేట చెల్లదు. వదిలిన తర్వాత కుక్క దారిలో విశ్రాంతికి ఆగిపోతే, వదలడం తెగిపోయినట్టు లెక్క. కానీ వేట కోసమే పొంచి ఆగడం దాని అలవాటైతే అది విరామం కాదు, వేటలో భాగమే.

ఈ చివరి మాట చదివినప్పుడు మాకు పాయింటర్ జాతి కుక్క గుర్తుకొస్తుంది. గడ్డిలో దాగిన పక్షి వాసన తగలగానే అది ఒక్కసారిగా శిలలా నిలిచిపోతుంది. మూతి పక్షి వైపు, తోక నిటారుగా, ఒక ముందుకాలు పైకి. యజమాని వచ్చే దాకా కదలదు. సెట్టర్ జాతి కుక్క ఇలాగే నేలకు ఒదిగి సూచిస్తుంది. స్పానియల్ పొదల్లో దూరి పక్షిని లేపుతుంది. రిట్రీవర్ పడిన పక్షిని నోట కరుచుకుని తెస్తుంది. మన పట్టణాల్లో గేటు దగ్గర గొలుసుతో కట్టి ఉంచే లాబ్రడార్ అసలు పని ఇదే. కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లకు తోడుగా నీళ్ళలో ఈదిన కుక్కల సంతతి నుంచి, బ్రిటన్‌లో బాతులనూ ఇతర పక్షులనూ తెచ్చేందుకు దాన్ని వృద్ధి చేశారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. రోజంతా పరుగెత్తి పని చేయడానికి పుట్టిన జీవిని సిమెంటు గచ్చు మీద కట్టేస్తే అది మొరగక ఏం చేస్తుంది?

అరబ్బుల సలూకీ వేరు. అది వాసన కన్నా చూపుతో వేటాడే కుక్క. సన్నటి నడుము, పొడవాటి కాళ్ళు, గాలిలా పరుగు. ప్రధానంగా కుందేలు, జింకల వేటకు వాడేవారు. డేగతో జతకట్టి పక్షుల వేటకూ తీసుకెళ్ళేవారు. తెగల గుడారాల్లో దానికి మిగతా కుక్కలకు లేని మర్యాద ఉండేది.

తర్ఫీదు ఎలా ఇస్తారు?

ఆ యువకుడు చెప్పినదీ, ఈ విద్య తెలిసినవారు పాటించేదీ ఒకటే పద్ధతి. పిల్లను సుమారు ఎనిమిది వారాల వయసులో తల్లి నుంచి వేరు చేసి తెస్తారు. మొదటి పాఠం వేట కాదు, పిలుపు. పేరు పెట్టి పిలవడం, రాగానే చిన్న తిండిముక్క పెట్టి నిమరడం. తర్వాత కూర్చోవడం, చెప్పిన చోట ఆగడం. ఒక్కో పాఠం అయిదు, పది నిమిషాలకు మించకూడదు. పిల్ల విసిగిపోకముందే ఆపేయాలి. దూరం నుంచి వినిపించేందుకు క్రమంగా ఈల అలవాటు చేస్తారు. ఒక ఈలకు ఆగడం, మరో ఈలకు రావడం.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. కుక్క ఎక్కడికో పారిపోతుంది. యజమాని అరిచి పిలుస్తాడు. అది తిరిగి రాగానే కోపంతో కొడతాడు. ‘పారిపోయినందుకు కొట్టాను’ అని అతను అనుకుంటాడు. ‘పిలిస్తే వచ్చినందుకు కొట్టాడు’ అని కుక్క అర్థం చేసుకుంటుంది. మరుసటిసారి రాదు. (పిల్లల విషయంలోనూ మనం ఇదే చేస్తుంటాం. నిజం చెప్పినందుకు కొట్టి, తర్వాత అబద్ధమాడుతున్నారని బాధపడతాం.)

తెచ్చి ఇవ్వడం నేర్పేందుకు గుడ్డతో చేసిన మెత్తని బొమ్మను విసురుతారు. కొన్నాళ్ళకు దానికి పక్షి రెక్క ఒకటి కడతారు. కుక్క దాన్ని నోట కరుచుకుంటే లాగి పెనుగులాడకూడదు. లాగులాటతో దవడ బిగించడం అలవాటవుతుంది. ఎదురుగా పరుగెత్తి లాక్కోకుండా, వెనక్కి నడుస్తూ పిలిస్తే అదే వచ్చి చేతిలో పెడుతుంది. గుడ్డు కూడా పగలకుండా మోయగల మెత్తని నోరే మంచి రిట్రీవర్‌కు గుర్తని శిక్షకులంటారు.

ఫిఖ్ చదివినవారికి ఇందులో ఒక సంగతి తట్టాలి. ఎక్కడి అరబ్బు ఎడారి, ఎక్కడి బ్రిటన్ పొలాలు! అయినా శిక్షకుడు ఏళ్ళ తరబడి శ్రమించేది ఆ మూడు గుర్తుల కోసమే. పంపితేనే కదలడం, ఆపితే ఆగడం, నోట ఉన్నది తనది కాదని తెలుసుకోవడం.

తుపాకీ చప్పుడుకు అలవాటు చేయడం ఓపికతో చేయాల్సిన పని. పిల్ల తిండి తింటూనో ఆడుకుంటూనో ఉన్నప్పుడు బాగా దూరంలో చిన్న చప్పుడు చేసి, రోజుల తరబడి కొద్దికొద్దిగా దగ్గరకు తెస్తారు. తొందరపడి చెవి పక్కనే కాలిస్తే ఆ భయం ఇక జన్మలో పోకపోవచ్చు. నీటికి కూడా వెచ్చని రోజున, లోతులేని చోట, దానంతట అదే దిగేలా అలవాటు చేయాలి. ఎత్తి విసరకూడదు. ఇంత ఓపిక లేనివారు ఈ పనికి పూనుకోకపోవడమే మేలు.

కొందరు శిక్షకులు బతికి ఉన్న పక్షి రెక్కలు విరిచో కాళ్ళు కట్టేసో కుక్కపిల్లల ముందు వేస్తారు. ఇది నిషిద్ధం. ఒకసారి కొందరు యువకులు పక్షిని కట్టేసి గురిచూసి కొడుతుంటే హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) చూశారు. ప్రాణమున్న దాన్ని గురిగా పెట్టుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని ఆయన వారికి చెప్పారు. గుడ్డబొమ్మతో నేర్పగలిగినది ప్రాణితో నేర్పాల్సిన అవసరం ఏముంది?

తుపాకీ, నీరు, జిబహ్

నేటి పక్షుల వేటలో చాలా వరకు కుక్క చంపదు. అది పక్షిని చూపిస్తుంది లేదా లేపుతుంది, పడినదాన్ని తెస్తుంది. చంపేది తుపాకీ గుండు. కాబట్టి కుక్కను వదిలేటప్పుడు చెప్పిన బిస్మిల్లాహ్ ఇక్కడ సరిపోదు. తుపాకీ పేల్చేటప్పుడు చెప్పాలి. అయినా ఒక చిక్కు మిగులుతుంది. బాణం కోసుకుని దిగుతుంది, గుండు దెబ్బ బలంతో చంపుతుంది. బాణపుకర్ర మొనతో తగిలితే తినవచ్చనీ, అడ్డంగా తగిలి చస్తే అది దెబ్బతో చచ్చినదేననీ హజ్రత్ అదీ (రజి)కి దైవప్రవక్త (స) చెప్పి ఉన్నారు. దీన్ని బట్టి గుండు దెబ్బకే చచ్చిన పక్షిని తినరాదని మన దేశపు హనఫీ ఉలమా సాధారణంగా చెబుతారు. గుండు శరీరాన్ని చీల్చుకుని పోతుంది గనుక తినవచ్చన్న పండితులూ ఉన్నారు. అరబ్ దేశాల్లో ఎక్కువగా ఈ రెండో అభిప్రాయమే వినిపిస్తుంది. ప్రాణంతో దొరికితే జిబహ్ తప్పనిసరి అన్న విషయంలో మాత్రం భేదం లేదు.

మెత్తని నోటి కుక్క విలువ ఇక్కడ తెలుస్తుంది. పక్షి పడిన చోటికి పరుగున వెళ్ళి, నలపకుండా ప్రాణం ఉండగానే తెచ్చి చేతిలో పెడితే, జిబహ్ చేసే వీలు కలుగుతుంది. అభిప్రాయభేదం జోలికి పోవలసిన పనే ఉండదు.

పక్షి నీళ్ళలో పడి చచ్చి ఉంటే? తినకూడదు. నీ బాణం చంపిందో, నీరు చంపిందో నీకు తెలియదన్నది హజ్రత్ అదీ (రజి) హదీసులోనే ఉన్న కారణం. చెరువుల దగ్గర బాతుల వేటకు ఇది నేరుగా వర్తిస్తుంది. కుక్క ఎంత చక్కగా ఈది తెచ్చినా సరే. బిస్మిల్లాహ్ కావాలని వదిలేస్తే హనఫీ మతం ప్రకారం ఆ వేట హరామ్, మరచిపోతే క్షమార్హం. ఇమామ్ షాఫయీ (రహ్మ) దృష్టిలో అది సున్నత్.

ఇహ్రామ్ స్థితిలో నేల మీది వేట పూర్తిగా నిషిద్ధమని అల్ మాయిదా సూరాలోనే ఉంది. కేవలం సరదాకు చంపి పారేయడాన్ని ధర్మవేత్తలు తప్పుబట్టారు. వేట వెంట పడినవాడు ఏమరుపాటుకు లోనవుతాడని హదీసులో హెచ్చరిక ఉంది. ఆ యువకుడే చెప్పాడు, పక్షులు కదిలేది సరిగ్గా ఫజ్ర్ వేళకేనని!

మన దేశం సంగతి స్పష్టంగా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను, జంతువులను వేటాడటం నేరం. కౌజు పిట్టలకు, పూరేడు పిట్టలకు వలలు వేయడం, కుక్కలతో తరమడం మన పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. ‘షరీఅత్‌లో వేట హలాలే కదా’ అని వాదించేవారూ ఉన్నారు. వేటను షరీఅత్ అనుమతించింది, విధించలేదు. అనుమతించిన పనిని దేశ చట్టం జీవజాతుల రక్షణ కోసం ఆపినప్పుడు దాన్ని పాటించడంలో ధర్మానికి లోటేమీ లేదు. గల్ఫ్ దేశాల్లోనూ అనుమతి లేని వేటకు శిక్షలున్నాయి. యజమాని చెప్పాడని తుపాకీ మోసి చిక్కుల్లో పడవద్దని ఆ యువకుణ్ణి హెచ్చరించాం.

పోషణ బాధ్యత

దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు బావిలో దిగి మేజోడుతో నీళ్ళు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ మన్నించాడన్న హదీసు మన పిల్లలకు కూడా తెలుసు. అలాగే ఓ వ్యభిచారిణి కూడా కుక్క దాహం తీర్చి మన్నింపు పొందింది. అవి ఎవరివో దారిన పోయే కుక్కలు. పని చేయించుకుంటున్న కుక్క హక్కు మరింత ఎక్కువ కాదా? పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పోయిందన్న హదీసును గొలుసు చేతబట్టిన ప్రతివారూ గుర్తుంచుకోవాలి.

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దానికి చలువ. ఎండలో పరుగెత్తిస్తే నిమిషాల్లో వడదెబ్బ తగులుతుంది. కాబట్టి వేసవిలో పని తెల్లవారుజామున, పొద్దుగూకాక మాత్రమే. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఎడారి ఇసుక మీద ముందు మన అరచేయి ఆన్చి చూడాలి. మన చేయి ఓర్చుకోలేని వేడిని దాని పాదాలూ ఓర్చుకోలేవు. కడుపు నిండా పెట్టి వెంటనే పరుగెత్తించకూడదు, కడుపు ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. పరుగు అయ్యాక అలసట తీరనిచ్చి పెట్టాలి. వండిన కోడి ఎముకలు చీలికలై పేగులకు గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ దానికి విషంతో సమానం. మన ఇంటి మిగిలిన బిర్యానీలో ఎముకలూ, ఉల్లిపాయలూ రెండూ ఉంటాయి!

పొలం నుంచి రాగానే వేళ్ళ సందులు, చెవులు, చంకలు చూడాలి. ముళ్ళు, గడ్డిగింజలు, గోమార్లు అక్కడే చేరతాయి. నట్టల మందు, అంటురోగాల టీకాలు పశువైద్యుడు చెప్పిన వేళకు వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, ఆయన చెప్పిన గడువు తప్పకుండా వేయిస్తూ ఉండాలి. ముసలిదై పనికి రాకపోతే ఎడారిలో వదిలేయడం కొందరు యజమానుల అలవాటు. పళ్ళున్నన్నాళ్ళూ తెచ్చి ఇచ్చినదాన్ని పళ్ళూడాక ఆకలికి వదలడం ఎంతటి అన్యాయం!

నమాజు, బట్టలు, జీతం

ఇక ఆ యువకుని అసలు ప్రశ్నకు వద్దాం. హనఫీ మతంలో ఫత్వా ఉన్న అభిప్రాయం ప్రకారం కుక్క ఒళ్ళు స్వతహాగా అపవిత్రం కాదు. దాని లాలాజలం అపవిత్రం. అంటే కుక్క ఒంటికి బట్టలు తగిలినంత మాత్రాన నమాజు పోదు. లాలాజలం అంటితే ఆ భాగం కడుక్కోవాలి. షాఫయీల దగ్గర నిబంధన కఠినం, తడి ఒళ్ళు తగిలినా కడగాలి. మాలికీల దగ్గర కుక్క పవిత్రమే. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలనీ, అందులో ఒకసారి మట్టితో రుద్దాలనీ హదీసులో ఉంది. హనఫీలు మూడుసార్లు తప్పనిసరి అనీ, ఏడుసార్లు ఉత్తమమనీ అంటారు. కుక్క కరిచి తెచ్చిన పక్షిని వండే ముందు పంటిగాట్లున్న చోట బాగా కడగడం మంచిది.

కుక్కల దగ్గర ఏ బట్టలతో ఉంటావని అతన్ని అడిగాం. పనికి వేరే జత ఉందనీ, నమాజుకు స్నానం చేసి మార్చుకుంటాననీ, కుక్కల పళ్ళాలు కొట్టంలోనే ఉంటాయనీ చెప్పాడు. అలాగైతే హనఫీ మతం ప్రకారం నాలుగేళ్ళ నమాజులను శంకించాల్సిన కారణం మాకు కనబడలేదు. ఒక్కటి తిరిగి చేయనక్కర్లేదు.

జీతం మాటేమిటి? పశువుల కాపలాకు, పంట రక్షణకు, వేటకు తప్ప కుక్కను పెంచేవాని పుణ్యంలో నుంచి రోజూ ఒక ఖీరాత్ తరుగుతుందని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. కొన్ని ఉల్లేఖనాల్లో రెండు ఖీరాత్‌లు. ముచ్చటకు ఇంట్లో పెంచేవారికి ఇది గట్టి హెచ్చరిక. దైవదూతలు రాని ఇంటి గురించిన హదీసు కూడా ఇలాంటి వాటికేనని, అనుమతి ఉన్న కుక్కలకు వర్తించదని ఇమామ్ ఖత్తాబీ (రహ్మ) అన్నారు. అన్ని కుక్కలకూ వర్తిస్తుందన్న పండితులూ ఉన్నారు గనుక, ఏ కుక్కకైనా నివాసపు గదికి దూరంగా చోటు కట్టడమే క్షేమం. కుక్క వెలను నిషేధించిన హదీసు ఉన్నది నిజమే. దాని వివరణలో ఇమాములు భేదించారు. పనికొచ్చే కుక్క అమ్మకాన్ని హనఫీలు అనుమతిస్తారు. అయితే ఈ యువకుడు కుక్కల్ని అమ్మడం లేదు. షరీఅత్ అనుమతించిన కుక్కకు నీళ్ళు పోసి, రోగమొస్తే మందు వేసి, తన శ్రమకు కూలి తీసుకుంటున్నాడు. ఆ కూలి హలాల్. సలూకీలను పందేలకు, జూదానికి తిప్పమంటే మాత్రం ఆ పని ఒప్పుకోవద్దన్నాం.

తల్లికి ఈ మాటలు మీరే వచ్చి చెప్పండని ప్రాధేయపడ్డాడు. మరునాడు అసర్ తర్వాత వారింటికి వెళ్ళాం. ఆమె పరదా వెనక నుంచి అంతా విన్నది. గుహవాసుల కథలో గుమ్మం దగ్గర ముందుకాళ్ళు చాచి కూర్చున్న కుక్కను ఖుర్ఆన్ (అల్ కహఫ్ సూరా) ప్రస్తావించిందని చెప్పినప్పుడు, “అది నేనూ ప్రతి జుమాకూ చదువుతాను మౌలానా” అన్నది. కాసేపు మౌనంగా ఉండి, “జీతం హలాలే అంటున్నారు, సరే. మరి అవి వీణ్ణి కరిస్తే?” అని అడిగింది.

ఇన్నాళ్ళూ ఆమెను తొలిచినది ఇదేనేమో! అప్పుడు ఫిఖ్ పక్కన పెట్టి ఇది చెప్పాం. కరిచినా, గీరినా, ఉన్న గాయాన్ని నాకినా వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసర్లు ఏవీ పూయకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. గాయాన్ని బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు. డాక్టరు చెప్పిన తేదీల్లో ఒక్కటి కూడా తప్పకూడదు. కుక్కకు టీకా ఉందిలే అని ఊరుకోకూడదు. లక్షణాలు కనబడ్డాక రేబిస్‌కు దాదాపు వైద్యమే లేదు. కుక్కల మధ్య పని చేసేవారికి కరవకముందే వేసే టీకా కూడా ఉంది.

“అది వేయించుకున్నావా?” అని ఆమె కొడుకును అడిగింది. లేదన్నాడు. సెలవు ఇంకా నెల పైనే ఉంది. మరుసటి సోమవారమే తల్లీకొడుకులిద్దరూ పెద్దాసుపత్రికి బయలుదేరారు.